మనసు చెప్పకుండా తప్పుకుపోతోందా? ఎవరి దగ్గరికి వెళ్లాలి?

నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు, వేయడం లేదు. ఆమెను పోల్చుకునే ఆనవాళ్లు కూడా మార్చాను. ఇలాంటి కథే మరికొన్ని ఇళ్లలోనూ ఉంటుంది కాబట్టి, ఆమె అనుమతితో ముఖ్యభాగం ఇక్కడ ఇస్తున్నాను.

"డాక్టరు గారూ, నాకు ముప్ఫై ఏళ్లు. ఇద్దరు పిల్లలు. మా ఆయన రొయ్యల గుంటల దగ్గర పని చేస్తారు. మాది సముద్రం పక్క ఊరు. సునామీ వచ్చిన రోజు నాకు తొమ్మిదేళ్లు. నా చెయ్యి పట్టుకోనున్న మా నాయనమ్మ మళ్లీ కనపడలేదు. ఆ తర్వాత ఇంట్లో జరిగినవి వేరే ఉన్నాయి, అవి రాయలేను. పెళ్లయి టౌనుకొచ్చినాక బాగానే ఉన్నాననుకున్నా. 2021లో పెన్నకు వరదొచ్చినప్పుడు రాత్రంతా ఆ నీళ్ల హోరు విన్నా. అప్పటి నుంచి ఉన్నట్టుండి నేను ఉండను. పాలు పొంగిపోతుంటే చూస్తానే ఉంటా, చెయ్యి కదలదు. ఆ చెయ్యి నాది కాదనిపిస్తుంది. ఒకరోజు చూసుకుంటే ఆత్మకూరు బస్టాండులో కూర్చోనున్నా. ఎట్టొచ్చానో తెలవదు. చేతిలో పాప బడిసంచి ఉంది, పాప లేదు. బడి గేటు దగ్గర ఒకటే ఏడుస్తా ఉండిందంట, గంటసేపు. మా అత్తమ్మ గాలి సోకిందని ఒకాయన దగ్గరికి తీసకపోయింది. వేపమండలతో కొట్టినాడు. మా తమ్ముడు అదంతా కాదని ఒక కౌన్సిలరు దగ్గరికి తీసకపోయినాడు. ఆయన మొదటి రోజే కళ్లు మూసుకొని సునామీనాడు జరిగిందంతా చెప్పమన్నాడు. చెప్పినా. ఇంటికొచ్చినాక నాలుగు రోజులు ఏం చేశానో గుర్తు లేదు. మళ్లీ రమ్మంటున్నాడు, మధ్యలో మానేస్తే ఎప్పటికీ నయం కాదంటున్నాడు. నేను పోవాలా, వద్దా? నాకు పిచ్చా? పిల్లల్ని నా దగ్గర ఉంచుకోవచ్చా?"

అమ్మా, ముందు మీ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పేస్తాను. ఆయన దగ్గరికి మళ్లీ పోనక్కర లేదు. మీకు పిచ్చి లేదు. పిల్లలు మీ దగ్గరే ఉండవచ్చు; కొన్నాళ్లు ఇంట్లో వాళ్ల తోడు కావాలి, అంతే. ఇక ఎందుకన్నది వివరంగా చెబుతాను. మీ ఇంట్లో వాళ్ల చేత కూడా చదివించండి.

మనసుకూ ఒక ఫ్యూజు ఉంది

నెల్లూరు నుంచి కావలికి స్కూటరు మీద వెళ్తూ ఏదో ఆలోచనలో పడితే, కొడవలూరు ఎప్పుడు దాటామో గుర్తుండదు. చేతులు బండి నడుపుతూనే ఉంటాయి, మనసు మాత్రం ఎక్కడో ఉంటుంది. అందరికీ జరిగేదే. అది రోగం కాదు. ఈ పక్కకు తప్పుకోవడాన్నే వైద్యులు డిసోసియేషన్ అంటారు. అనుభవం ఒకవైపు, తెలివిడి ఒకవైపు విడిపోవడమన్న మాట. పియరి జానే అనే ఫ్రెంచి వైద్యుడు 1889లోనే దీని గురించి పెద్ద గ్రంథం రాశాడు. కనుక ఇదేదో నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు.

తట్టుకోలేని ప్రమాదం వచ్చినప్పుడు, పారిపోవడానికీ ఎదిరించడానికీ వీలు లేనప్పుడు, మనసు చేసే ఆఖరి పని ఇదే. శరీరం అక్కడే ఉంటుంది, మనిషి మాత్రం "అక్కడ ఉండదు". ఇంటికి హై వోల్టేజి వస్తే ఫ్యూజు పోయి వైర్లు కాలకుండా ఆపినట్టు. తొమ్మిదేళ్ల పిల్లను ఆ పొద్దు కాపాడింది ఆ ఫ్యూజే. ఇబ్బంది ఎక్కడంటే, ఒకటికి పదిసార్లు ఎగిరిన ఫ్యూజు తర్వాత తర్వాత చిన్న బల్బు వేసినా ఎగిరిపోతుంది. పాలు పొంగే శబ్దం చాలు. వాన హోరు చాలు. ఎవరైనా గట్టిగా తలుపు వేస్తే చాలు. అప్పుడు చెయ్యి తనది కాదనిపించడం, చుట్టూ ఉన్నదంతా సినిమా తెర మీద జరుగుతున్నట్టు ఉండడం, మాటలు దూరం నుంచి వినపడడం, కొంతసేపు ఏం చేశామో జ్ఞాపకం లేకపోవడం, కొందరిలో ఫిట్సు వచ్చినట్టు పడిపోవడం, చాలా కొద్దిమందిలో వేరే మనిషిలా మాట్లాడడం – ఇవన్నీ ఆ ఒక్క కుదురు నుంచి వచ్చినవే.

ఇది నటన కాదు. ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, పూర్వం మేము కూడా వీటన్నిటికీ కలిపి హిస్టీరియా అని పేరు పెట్టి, "ఏం లేదమ్మా, మనసులో పెట్టుకోకు" అని రోగిని పంపేసేవాళ్లం. ఒక్కొక్క చోట అమోనియా వాసన చూపించి లేపడం కూడా ఉండేది. అది వైద్యం కాదు, విసుగు.

మన తీరం సంగతి

నెల్లూరు తీరంలో పుట్టిన వారికి గాలి, నీళ్లు అంటే భయపడే హక్కు ఉంది. 1989 నవంబరులో పెనుతుపాను కావలి దగ్గరే తీరం దాటింది. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున సునామీ వచ్చింది; ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా పోయారు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఒకే మనిషి జీవితంలో ఈ మూడూ చూసిన వారున్నారు.

అయితే ఇంత చూసినా ఎక్కువమంది కొన్ని వారాలకో నెలలకో తేరుకుంటారు. నిద్ర కుదురుతుంది, మళ్లీ వేటకు పోతారు, వల బాగు చేసుకుంటారు. కొందరే ఎందుకు తేరుకోరు? చాలాసార్లు దానికి కారణం ఆ ఒక్క రోజు కాదు. అంతకు ముందో ఆ తర్వాతో ఇంట్లో మరేదో ఉంటుంది. తాగి కొట్టే తండ్రి, చీకట్లో దగ్గరికొచ్చే బంధువు, చెబితే నమ్మని తల్లి. 1992లో ఈ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురు తిరిగింది ఊరికే కాదు. వాళ్లు పోరాడిన ఆ రాత్రులను గోడ పక్కన నక్కి విన్న పిల్లలు ఇప్పుడు నలభయ్యేళ్ల వాళ్లు. వారిలో ఎంతమందికి ఇప్పటికీ తలుపు చప్పుడుకు గుండె జారిపోతోందో మనం లెక్క వేయలేదు.

సముద్రం చేసిన గాయం గురించి ఊరంతా కలిసి ఏడవవచ్చు. మనిషి చేసిన గాయాన్ని ఒక్కరే దాచుకోవాలి. వైద్యం కష్టమయ్యేది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేసిన వ్యాధుల పట్టికలో, ఇలా ఏళ్ల తరబడి తగిలిన గాయానికి విడిగా ఒక పేరే ఇచ్చింది.

ఆ ఉత్తరంలో ఒక వాక్యం రాసి, పెన్నుతో బాగా కొట్టేసి ఉంది. వెలుతురుకు పెట్టి చూస్తే చదవవచ్చునేమో. నేను చూడలేదు. ఆ వాక్యం ఎవరికి, ఎప్పుడు చెప్పాలన్నది ఆమె తేల్చుకోవలసిన విషయం. తగిన వైద్యుడంటే ఎవరని అడుగుతున్నారు కదా, ఆ కొట్టివేత జోలికి మొదటి రోజే పోని మనిషి అని నా మొదటి గుర్తు.

ముందు శరీరాన్ని చూపించండి

మానసిక నిపుణుల కోసం వెతికే ముందు ఒక మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టరుకో ఫిజీషియనుకో చూపించండి. ఉన్నట్టుండి స్పృహ మారడం మూర్ఛ వల్ల కూడా జరుగుతుంది. మూర్ఛలో ఒక రకం ఉంది. మనిషి కింద పడడు, కొట్టుకోడు, శూన్యంలోకి చూస్తూ పెదవులు చప్పరిస్తూ చేతితో చీర నలుపుతూ ఒకటి రెండు నిమిషాలు ఉండిపోతాడు. అచ్చం ఇలాగే కనిపిస్తుంది. తలకు దెబ్బ, రక్తంలో చక్కెర పడిపోవడం, థైరాయిడ్, తాగుడు, నిద్రమాత్రల అలవాటు, వీటిని కూడా చూడాలి.

పడిపోయి కొట్టుకునే వారి విషయంలో కొన్ని తేడాలు ఉంటాయి. మూర్ఛలో తరచుగా కళ్లు తెరిచి ఉంటాయి, నాలుక పక్కన కొరుక్కుంటారు, మూత్రం పోవచ్చు, నిద్రలోనూ రావచ్చు, సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో ఆగుతుంది. మనసు నుంచి వచ్చే దానిలో కళ్లు ఎక్కువగా మూసుకుని ఉంటాయి, చాలాసేపు సాగుతుంది, ఆగి ఆగి వస్తుంది. కానీ ఇవి చదివి ఇంట్లోనే తీర్పు చెప్పకండి. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు. ఇ.ఇ.జి. మామూలుగా వచ్చినంత మాత్రాన మూర్ఛ లేదని కూడా అనలేం. ఇప్పుడు ప్రతి ఇంట్లో సెల్‌ఫోను ఉంది కదా. ముందే ఆమె అనుమతి అడిగి, అలా జరిగినప్పుడు ఒకసారి వీడియో తీసి డాక్టరుకు చూపండి. పది నిమిషాల వర్ణన కంటే అది మేలు. చూపించాక చెరిపేయండి. చుట్టాలకు పంపడానికి కాదు సుమా!

మూర్ఛ వచ్చిన వారి చేతిలో తాళాల గుత్తి పెట్టే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. దానివల్ల మూర్ఛ ఆగదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ కుక్కకుండా కనిపెట్టుకుని ఉండాలి.

బోర్డు మీద ఏముందో చదవండి

సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యంలో ఎం.డి. గానీ డి.పి.ఎం. గానీ డి.ఎన్.బి. గానీ చేసిన డాక్టరు. మందులు రాయగలరు, మూర్ఛనూ డిప్రెషన్‌నూ విడదీసి చూడగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తారు. వీరు ఎం.ఫిల్. లేదా దానికి సమానమైన శిక్షణ పొంది, 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలి రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. ఆర్.సి.ఐ. నంబరు అంటే అదే. అడగండి. అడిగితే కోపం తెచ్చుకునే వారి దగ్గర కూర్చోవలసిన పని లేదు.

కౌన్సిలరు అనే మాట సంగతి వేరు. ఆరు వారాల కోర్సు చేసిన వారూ ఆ బోర్డు పెట్టుకుంటారు, రెండేళ్లు శ్రద్ధగా చదివిన వారూ పెట్టుకుంటారు. వీరిలో చాలా మంచివారు నాకు తెలుసు. చదువు ఒత్తిడికీ, భార్యాభర్తల తగాదాలకూ వారు ఎంతో సాయం చేస్తారు. కానీ జ్ఞాపకం తెగిపోతున్న మనిషిని చూసినప్పుడు, "ఇది నా చేతిలో పని కాదు, ఫలానా చోటికి వెళ్లండి" అనగలిగిన వారే మంచి కౌన్సిలరు.

ఇంకో సంగతి. పెద్ద డిగ్రీ ఉన్నంత మాత్రాన ట్రామా వైద్యం తెలుసని కాదు. కంటి డాక్టర్లందరూ రెటీనా ఆపరేషను చేయరు కదా? అందుచేత ఫోనులోనే, "మీరు ఇలాంటి కేసులు చూస్తారా? దీనికి ప్రత్యేకంగా ఎక్కడ శిక్షణ పొందారు? మధ్యలో నాకు స్పృహ తప్పినట్టయితే ఏం చేస్తారు?" అని అడగండి. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు అన్నిటికంటే ముఖ్యం. "అలా ఏం కాదులెండి" అంటే వారికి తెలియదని అర్థం. "ముందు అలా జరగకుండా ఆపుకోవడం నేర్పిస్తాను, జరిగితే అక్కడే ఆపేస్తాను" అంటే తెలిసిన వారని అర్థం.

మొదటి నెల ఏం జరగాలి?

అమెరికాలో జుడిత్ హెర్మన్ అనే మానసిక వైద్యురాలు 1992లో ఒక పుస్తకంలో ఈ చికిత్సను మూడు దశలుగా చెప్పారు. మొదట భద్రత, తర్వాత జ్ఞాపకం, దుఃఖం, ఆపైన మళ్లీ లోకంతో కలవడం. ఆ తర్వాత ఎన్ని కొత్త పద్ధతులు వచ్చినా, డిసోసియేషన్ బాగా ఉన్నవారికి చాలామంది నిపుణులు ఇప్పటికీ ఈ వరస పాటిస్తారు. పునాది ఆరకముందే గోడ లేపితే ఏమవుతుందో ఇల్లు కట్టిన వారికి చెప్పనక్కర లేదు.

పై ఉత్తరంలో జరిగింది అదే. ఆ కౌన్సిలరు చెడ్డవాడని నేననను. లోపలున్నది కక్కిస్తే తేలికవుతుందని చాలామంది నమ్ముతారు. ఆపద జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క సిట్టింగులో అంతా చెప్పించే పద్ధతి ప్రపంచమంతా ఒకప్పుడు నడిచింది. పరిశీలించి చూస్తే దానివల్ల లాభం కనపడలేదు, కొందరికి కీడు కూడా జరిగింది. ఇప్పుడు దాన్ని సిఫారసు చేయడం లేదు. జ్ఞాపకం చెప్పడం తప్పు కాదు. చెబుతూ ఈ గదిలోనే, ఈ కుర్చీలోనే ఉండగలగాలి. ఉండలేని మనిషి చేత చెప్పిస్తే ఆమె చెప్పడం లేదు, మళ్లీ ఆ అలలో మునుగుతోందన్న మాట. నాలుగు రోజులు గుర్తు లేకపోవడంలో వింత ఏముంది?

కాబట్టి మొదటి నెలలో మీకు నేర్పవలసింది మామూలుగా కనిపించే పనులు. రెండు పాదాలు నేలకు ఆనించి నొక్కి పెట్టడం. చుట్టూ కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పడం. చల్లటి స్టీలు గ్లాసు చేతిలో పట్టుకోవడం. నిమ్మకాయ వాసన చూడడం. "ఈరోజు ఫలానా వారం, నాకు ముప్ఫై ఏళ్లు, ఇది నెల్లూరు, ఆ రోజు అయిపోయింది" అని చెప్పుకోవడం. ఏ శబ్దానికి, ఏ వేళకు మనసు తప్పుకుంటోందో ఒక నోటు పుస్తకంలో రాసుకోవడం. నిద్ర, తిండి, ఇంట్లో ప్రస్తుతం ఎవరైనా కొడుతున్నారా అన్న విచారణ. ఈ ఆఖరిది చాలా ముఖ్యం. ఇప్పటికీ దెబ్బలు తింటున్న మనిషికి పాత గాయం మానడం ఎలా సాధ్యం? అలాంటి పరిస్థితి ఉంటే 181 మహిళా హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చు.

ఇవి నిలదొక్కుకున్నాకే అసలు గాయం దగ్గరికి వెళ్లడం. అప్పుడు వాడే పద్ధతులు ఒకటి రెండున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించినవి ముఖ్యంగా గాయాన్ని ఉద్దేశించి చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఇ.ఎం.డి.ఆర్. రెండోది 1987లో ఫ్రాన్సిన్ షపీరో మొదలుపెట్టింది. జ్ఞాపకాన్ని కొద్దిగా తలుచుకుంటూ కళ్లను అటూ ఇటూ తిప్పిస్తారు. చూడటానికి తమాషాగా ఉంటుంది గాని పనిచేస్తుంది. ఒక్క ప్రమాదం వల్ల వచ్చిన బాధయితే ఎనిమిది నుంచి పన్నెండు సిట్టింగులలో చాలామందికి తగ్గుతుంది. చిన్ననాటి నుంచి పడ్డ బాధయితే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. "మూడు సిట్టింగుల్లో గ్యారంటీ" అన్నవారిని నమ్మకండి.

హిప్నటిజం చేసి మరిచిపోయినవి తవ్వి తీస్తామన్న వారినీ నమ్మకండి. అమెరికాలో 1980, 90లలో ఈ తవ్వకాల వల్ల జరగని సంగతులు కూడా జరిగినట్టు నమ్మి ఎన్నో కుటుంబాలు కోర్టులకెక్కాయి. ఒంటి మీద అనవసరంగా చెయ్యి వేసేవారు, "మీ ఆయనకు చెప్పకండి" అనేవారు, ఫీజు ముందుగా ఏడాదికి కట్టమనేవారు, "మానేస్తే నయం కాదు" అని భయపెట్టేవారు, వీరి గది నుంచి లేచి వచ్చేయండి. మర్యాద కోసం కూర్చోవద్దు. మన ఆడవాళ్లకు ఇది చాలా కష్టమైన పని. అందుకే రాస్తున్నాను.

మందుల మాటేమిటి? డిసోసియేషన్‌కు ప్రత్యేకంగా మాత్ర లేదు. దానితో పాటు వచ్చే దిగులు, ఉలికిపాటు, నిద్రలేమికి సెర్‌ట్రలీన్ వంటి మందులు పనికొస్తాయి. రెండు నుంచి ఆరు వారాలు వాడితే గాని గుణం తెలియదు, చెప్పకుండా ఆపకూడదు. ఆల్‌ప్రజోలాం, డయాజిపాం జాతి మాత్రలు మాత్రం ఏళ్ల తరబడి మింగవద్దు. అలవాటు పడతారు, మత్తు వల్ల తప్పుకుపోవడం ఎక్కువైనా ఆశ్చర్యం లేదు. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా మానకుండా డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

నెల్లూరు నుంచి ఎక్కడికి?

ఏమీ తెలియని స్థితిలో ఉంటే మొదట 14416కు ఫోను చేయండి. టెలీ మానస్ అనే ఈ సర్కారు సేవ 2022 అక్టోబరు 10న మొదలయింది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ జిల్లాలో ఎక్కడ చూపించుకోవాలో చెబుతారు. నెల్లూరులో 2014లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, దాని సర్వజనాస్పత్రి ఉంది; ప్రైవేటు మెడికల్ కాలేజీ కూడా ఉంది. మెడికల్ కాలేజీ ఉన్న చోట మానసిక విభాగం ఉంటుంది. అక్కడ వ్యాధి నిర్ధారణ చేయించుకుని, "నాకు థెరపీ కావాలి, క్లినికల్ సైకాలజిస్టు ఎవరున్నారు?" అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే ఓ.పి. రద్దీలో మాత్రల చీటీతోనే బయటికి వస్తారు. అది డాక్టరు తప్పు కాదు, క్యూ పొడవు అలాంటిది.

అంతకు మించి కావాలంటే మనకు చెన్నై దగ్గర, కీల్పాకులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఉంది. వేలూరు సి.ఎం.సి. వారి మానసిక విభాగం బాగాయంలో ఉంది. బెంగుళూరులో నిమ్హాన్స్ ఉంది. భోపాల్ విషవాయువు నాటి నుంచి సునామీ దాకా ఆపదల పాలైన వారి మనసుల గురించి మన దేశంలో అందరికంటే ఎక్కువ పనిచేసింది వారే. మన రాష్ట్రంలోనే అయితే విశాఖపట్నం మానసిక ఆస్పత్రి. దూరాలకు వెళ్తే ఒక చిక్కు ఉంది. ఈ చికిత్స వారం వారం జరగాలి. బెంగుళూరులో నిర్ధారణ చేయించుకుని, వారం వారం కూర్చోవడానికి నెల్లూరులోనే మనిషిని చూసుకోవడం చాలామందికి కుదిరే దారి. 2020 నుంచి ఫోను, వీడియో వైద్యానికి ప్రభుత్వం నియమాలు కూడా పెట్టింది. అయితే గుట్టుగా మాట్లాడుకోవడానికి తలుపు ఉన్న గది కావాలి. ఒకటే గది ఉన్న ఇంట్లో, అత్తగారు మంచం మీద ఉండగా ఏం చెబుతారు?

భాష కూడా చూసుకోండి. తీరంలో పట్టపు వారి ఇళ్లలో అరవం కలిసిన మాట ఉంది. కొందరికి ఏడుపు ఆ మాటలోనే వస్తుంది. ఇంగ్లీషు కలిపి మాట్లాడే డాక్టరు ముందు వారు "బాగానే ఉన్నా సార్" అని లేచి వచ్చేస్తారు. మీ మాట అర్థమయ్యే మనిషి కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఆడ డాక్టరే కావాలనడమూ అంతే.

2018 మే నెల నుంచి అమలులో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీరు చెప్పిన సంగతి గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలు తప్ప, మీ ఇష్టం లేకుండా అత్తమామలకు గాని భర్తకు గాని చెప్పకూడదు. గొలుసులతో కట్టడం ఆ చట్టం కింద నిషిద్ధం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుంటే, గొలుసుల్లో ఉన్న 28 మంది లేచి పరుగెత్తలేక కాలిపోయారు.

దేవుడి దగ్గరికి వెళ్లవద్దని నేను చెప్పను. జాతరలో అమ్మవారు పూనడం ఊరి ఆచారం. ఆ వేళ వచ్చి ఆ వేళకే పోయేదాన్ని ఏ వైద్యశాస్త్రమూ జబ్బనదు. తనకిష్టం లేకుండా, ఆచారంతో పని లేకుండా, బస్టాండులోనూ వంటింట్లోనూ వచ్చి బతుకును పాడుచేస్తేనే జబ్బు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు వెళ్లి ఆరోగ్య రొట్టె పట్టుకోండి. ఆస్పత్రి చీటీ కూడా పట్టుకోండి. వేపమండ దెబ్బలు మాత్రం వద్దు. దెబ్బలు తిని తిని ఇలా అయిన మనిషిని బాగు చేయడానికి మళ్లీ దెబ్బలా?

ఇంట్లో వారికి

ఆమె తప్పుకుపోయిందని తెలిసినప్పుడు చెంప మీద కొట్టకండి, ముఖాన నీళ్లు చల్లకండి, నలుగురూ చుట్టూ మూగకండి. కాస్త దూరంగా ఎదురుగా కూర్చుని మెల్లగా పేరు పెట్టి పిలవండి. "నేను ఫలానా. మనం ఇంట్లో ఉన్నాం. నీకు ఏమీ కాలేదు" అని చెబుతూ ఉండండి. పట్టుకోవాలంటే అడిగి పట్టుకోండి. తేరుకున్నాక "ఏం గుర్తొచ్చింది?" అని ఆరా తీయవద్దు. తాగడానికి మంచినీళ్లివ్వండి, చాలు.

అత్తగారికి ఒక మాట. మీరు కోడల్ని తీసుకుపోయింది బాగు చేయాలనే గదా, నాకు తెలుసు. మొదటిసారి ఆస్పత్రికి కూడా మీరే తోడు రండి. వరండాలో కూర్చోండి, లోపలికి వద్దు.

కొన్నాళ్లు పిల్లల్ని బడి నుంచి తీసుకురావడం మరొకరు చూసుకోవాలి. బడిలో టీచరుకు రెండో ఫోను నంబరు ఇచ్చి ఉంచండి. స్టవ్ దగ్గర ఒంటరిగా ఉండే సమయం తగ్గించండి, స్కూటరు నడపడం ఆపండి. ఆమె సంచిలో పేరు, ఇంటి ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. పాప అడిగితే, "అమ్మకు అప్పుడప్పుడు మనసు అలిసిపోతుంది, డాక్టరుకు చూపిస్తున్నాం, నీ వల్ల కాదు" అని చెప్పండి. పిల్లలు తమ వల్లే అనుకుంటారు. ఎప్పుడైనా చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వింటే మాత్రం అపాయింటుమెంటు కోసం ఆగవద్దు, ఆ పూటే ఆస్పత్రికి తీసుకుపోండి.

అమ్మా, మీ నోటు పుస్తకం ఈరోజే మొదలు పెట్టండి. తేదీ, వేళ, ముందు విన్న శబ్దం, ఎంతసేపు, ఆ నాలుగే రాయండి. మీరు రాయలేనివి అందులో కూడా రాయనక్కర లేదు. ఆస్పత్రిలో కొత్త మనిషి ఎదుట కూర్చున్నప్పుడు, "సునామీ గురించి తర్వాత చెబుతాను, ముందు బస్టాండు దాకా ఎలా పోకుండా ఉండాలో నేర్పండి" అనండి. ఆ మనిషి ఏమంటారో చూసి నాకు మళ్లీ ఉత్తరం రాయండి.